ఫిల్ములో పట్టని పై స్లైసులు

2006లో నాకు దేశ రాజధానిలో జనక్‌పురిలోని ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో ఎం.ఆర్.ఐ. సీనియర్ టెక్నీషియన్‌గా ఉద్యోగం వచ్చింది. పేషెంటును మెషిన్లో పడుకోబెట్టడం, బొమ్మలు తీయడం, వాటిని ఫిల్ము మీద ప్రింటు చేయడం మా పని. ఆ బొమ్మల్లో ఏముందో రాయడం రేడియాలజిస్టు పని. ఈ రెండింటి మధ్య గీత మా వృత్తిలో చాలా గట్టిది. పేషెంటు ఎంత బతిమాలినా "రిపోర్టు డాక్టరు గారిస్తారు" అన్న మాట తప్ప మరొకటి మా నోట రాకూడదు.

నాది డిప్లొమా చదువు. మెదడు గురించి నాకు తెలిసిందంతా లైబ్రరీ పుస్తకాల్లోంచి తెచ్చుకున్నదే. అప్పట్లో ఓల్డ్ రాజిందర్ నగర్లో గది తీసుకుని ఉండేవాణ్ణి. సాయంత్రాలు అక్కడి రీడింగ్ రూములో, సివిల్స్‌కు చదివే కుర్రాళ్ల మధ్య కూర్చుని మెదడు స్కానుల పుస్తకాలు తిరగేసేవాణ్ణి. "భయ్యా, యే కౌన్‌సా ఆప్షనల్ హై?" అని, నన్నూ పరీక్షకు చదివేవాణ్ణనుకుని, ఇది ఏ ఐచ్ఛిక సబ్జెక్టని ఒకడు అడిగాడు. ఆ ప్రశ్న తలచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది.

ఆ ఏడు వర్షాకాలంలో ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్ నుంచి రామ్మోహన్ గారనే సెక్షన్ ఆఫీసరు వచ్చారు. కొన్ని నెలల కిందట స్కూటర్ మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది గాని నడక తడబడుతోంది, మతిమరుపు వచ్చింది. వెంట భార్య విజయ గారు, కాలేజీలో చదివే కూతురు శిరీష ఉన్నారు. నేను తెలుగువాణ్ణని తెలియగానే విజయ గారు నన్ను అన్నయ్యగారూ అని పిలవడం మొదలుపెట్టారు.

స్కాను చేశాను. మెదడు లోపల నీటితో నిండిన గదులుంటాయి, వాటిని వెంట్రికల్స్ అంటాం. ఆయనకు అవి బాగా పెద్దవిగా ఉన్నాయి. దీనికి రెండు కారణాలుండవచ్చు. నీరు బయటకు పోయే దారి చెడి, లోపల చేరి గదులను ఉబ్బించవచ్చు. అలాగైతే తలలోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేసి నీటిని మళ్లిస్తారు, మనిషి కొంత కోలుకోవచ్చు. లేదా దెబ్బ తిన్న మెదడు నెలల తరబడి తరిగిపోయి, ఖాళీ అయిన చోటును నీరు నింపవచ్చు. అలాగైతే గొట్టం వేసినా ప్రయోజనం ఉండదు. రెండింటిలోనూ బొమ్మలో కనిపించేది నీరే.

వారం తిరక్కుండా విజయ గారు ఫిల్ముల కవరు పట్టుకుని, భర్తతో, కూతురితో మళ్లీ వచ్చారు. మా రేడియాలజిస్టు డాక్టర్ మల్హోత్రా మేడం రిపోర్టులో 'వాల్యూమ్ లాస్' అని రాశారు, అంటే మెదడు పరిమాణం తగ్గిందని. ఫిల్ములు చూసిన బయటి ఆసుపత్రి సర్జన్ మాత్రం నీరు చేరింది, ఆపరేషన్ చేద్దామని తేదీ ఇచ్చేశారు.

"ఒకరు తరిగిందంటారు, ఒకరు చేరిందంటారు. మేమెవర్ని నమ్మాలి అన్నయ్యగారూ? మీరు కళ్లారా చూశారుగా. నీళ్లేనా?" అన్నారావిడ.

"అంకుల్, పానీ హై తో అచ్ఛా హై నా? నికాల్ సక్తే హై," అంది శిరీష, నీళ్లయితే తీసేయొచ్చుగా అన్న ఆశతో.

రామ్మోహన్ గారు నవ్వుతూ, "మా క్వార్టర్స్ కొళాయికి రాని నీళ్లు నా తలలోకి ఎలా వచ్చాయండీ?" అన్నారు. నేనూ నవ్వాను. తల్లీకూతుళ్లు నవ్వలేదు. కాసేపటికి ఆయన అదే మాట, అదే నవ్వుతో మళ్లీ అన్నారు.

నియమం ప్రకారం, అది డాక్టరు గారే చెప్పాలన్నాను. చెప్పాలన్నా నాకే తెలియలేదు. ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చూస్తే నా పుస్తకంలోని నీరు చేరిన మెదడులాగే ఉంది. వాళ్ల దగ్గరున్న, దెబ్బ తగిలిన రోజు తీసిన సి.టి. చూస్తే గదులు గీతల్లా సన్నగా ఉన్నాయి. అప్పటికీ ఇప్పటికీ ఇంత తేడా ఉందంటే నీరే అనిపించింది. మరి మేడం అలా ఎందుకు రాశారు?

కవరు తీసుకుని ఆమె గదికి వెళ్లాను. ఆమె మొదట సి.టి.ని పక్కన పెట్టించారు. ఆ రోజు మెదడు వాచి ఉంది, వాపు నొక్కడం వల్ల గదులు సన్నబడ్డాయి, కాబట్టి అది ఆయన అసలు కొలత కాదన్నారు. తర్వాత తన కంప్యూటర్లో నడినెత్తి దగ్గరి స్లైసులు, అంటే తలను అడ్డంగా పొరలుగా చూపే బొమ్మల్లో పైవి, తెరిచారు. అక్కడ మెదడు మడతల మధ్య సందులు వెడల్పుగా, నల్లగా ఉన్నాయి. లోపలి నీరు ఉబ్బి మెదడును పుర్రెకేసి నొక్కుతుంటే ఆ సందులు మూసుకుపోవాలి. ఇవి తెరుచుకుని ఉన్నాయి, అంటే మెదడే తరిగింది.

"సర్జన్ సాబ్‌నే యే దేఖా హీ నహీ క్యా?" అన్నారామె, సర్జన్ గారు ఇవి చూడనే లేదా అని.

నేను ఫిల్ము తిప్పి చూశాను. సర్జన్ చూసి ఉండరు. ఆ స్లైసులు అందులో లేవు.

మా సెంటర్లో ఒక్కో వరస బొమ్మలకు ఒక్క ఫిల్ము షీటే వాడాలన్నది ఆనవాయితీ. బొమ్మలు పట్టకపోతే నెత్తి దగ్గరివి వదిలేసేవాళ్లం, అక్కడ జబ్బు కనిపించేది తక్కువని. రిపోర్టు రాసేవారు కంప్యూటర్లో అన్నీ చూస్తారు. బయటి డాక్టరుకు వెళ్లేది ఫిల్ము. ఇద్దరూ చూసింది ఒకే తల, వేర్వేరు బొమ్మలు.

ఆ స్లైసులు ప్రింటు చేసి పంపాం, మేడం ఫోనులో మాట్లాడారు. మెదడు నీరే వెన్నులోకీ వస్తుంది గనక, సర్జన్ ముందుగా నడుము దగ్గర సూదితో కొంత నీరు తీసి నడక మెరుగవుతుందేమో గమనించారు. మార్పు రాలేదు. ఆపరేషన్ మానుకున్నారు.

ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు విజయ గారు నాకు థాంక్స్ చెప్పలేదు. "ఆ పై ఫిల్ము మీరు వెయ్యకపోతే ఆపరేషన్ అయిపోయేది. బాగుపడతారేమోనని కొన్నాళ్లు ఎదురుచూసేవాళ్లం," అన్నారు. తర్వాత, "ఎంత తరిగిందో అదైనా చెప్పండి," అన్నారు. ప్రమాదానికి ముందు తీసిన స్కాను లేదు గనక అది మేడం కూడా చెప్పలేకపోయారు. నేను చదివిన పుస్తకాల్లోనూ ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

తర్వాతి సంవత్సరం, పాత బొమ్మలతో పోల్చడానికి, తలను అదే కోణంలో పెట్టి మళ్లీ స్కాను చేశాం. గదులు పెరగలేదు, తగ్గలేదు. బల్ల దిగుతూ రామ్మోహన్ గారు కొళాయి మాట అన్నారు.

రిటైరయ్యే దాకా నేను నడినెత్తి స్లైసులు లేని ఫిల్ము బయటికి పంపలేదు. ఒక స్కాను గురించి ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే ఎవరిది ఒప్పని అడిగే ముందు, ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే బొమ్మేనా అని చూడాలి. నేను నేర్చుకున్నది ఇదే.