పందొమ్మిదితో కుదరదు

మా జీవశాస్త్రం మాస్టారు కుట్టప్పన్ మాష్ పందొమ్మిది మందితో పాఠం చెప్పడు. ఇరవై ఉండాలి. ఒక్కరు తగ్గినా సుద్దముక్క జేబులో వేసుకుని, గొడుగు తీసుకుని, ఉన్న పందొమ్మిది మందినీ వెంటబెట్టుకుని ఆ ఒక్కరి కోసం బయల్దేరతాడు. వాళ్ళు ఎక్కడ దొరికితే అక్కడే ఆ రోజు జీవశాస్త్రం. అది నియమం కాదు, జబ్బు అని మా హెడ్‌మిస్ట్రెస్ కౌసల్య టీచర్ అనేవారు.

ఆయన లెక్క ఆయనకుంది. ప్రాణమున్న ప్రతిదీ నాలుగు రకాల అణువులతో అవుతుందట. చక్కెరలు, కొవ్వులు, ప్రోటీన్లు, ఇంకా తల్లి ముక్కును కూతురికి తెచ్చిపెట్టే న్యూక్లిక్ ఆమ్లాలు. వీటిలో ప్రోటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డ వరస. మా కాట్టుంచిర ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతికి చేరేది ఏటా ఓ ఇరవై మంది. ఇక ఆయన్ని ఆపేదెవరు? జూన్‌లో బడి తెరిచిన రోజే ఒక్కొక్కరికి ఒక్కో అమైనో ఆమ్లం పేరు పెట్టేసేవాడు. ఇంట్లో పెట్టిన పేరు క్లాసు గుమ్మం దాకానే. ఒక ఏడాది ఇరవై ఇద్దరు చేరితే మిగిలిన ఇద్దరినీ నీళ్ళు అన్నాడు. రెండు ఆమ్లాలు చేతులు కలిపినప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి పోవాలి. ఆ ఇద్దరూ ఏడాది పొడుగునా పాఠం మధ్యలో లేచి వరండాలోకి పోయి వస్తూ ఉండేవాళ్ళు. అంత సంతోషంగా చదువుకున్న పిల్లల్ని ఆ బడి మళ్ళీ చూడలేదు.

పేర్లు చీటీలు తీసి పెట్టేవాడు. తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి, అందులో మడిచిన ఇరవై చీటీలు. మేం ఒక్కొక్కరం వెళ్ళి చెయ్యి పెట్టి ఒకటి తీయాలి. విప్పకూడదు. ఆయన మా చెయ్యి పట్టుకుని, అద్దాలు నుదుటి మీదికి తోసి, వెలుతురు కోసం కిటికీ వైపు తిప్పి, వేళ్ళ మధ్యనుంచి చీటీ లాగి చదివి జేబులో పడేసుకునేవాడు. ఒక్కో చెయ్యి చాలాసేపు పట్టుకునేవాడు. చూపు ఆనదు పాపం అనుకునేవాళ్ళం.

మా ఏడాది జూన్ మొదటి వాన కొబ్బరి మట్టల మీద పాత ఉత్తరాలు చదువుకుంటున్నట్టు గొణుగుతోంది. అందరికంటే పొట్టివాడు సేవ్యర్‌కి అన్నిటికంటే చిన్నదైన గ్లైసిన్ వచ్చింది. తాటిచెట్టంత దివాకరన్‌కి అన్నిటికంటే పెద్దదైన ట్రిప్టోఫాన్ వచ్చింది. దేవుడి లీల అనుకున్నాం. నా చీటీ చదివి మాష్ గొంతు సవరించుకున్నాడు.

“ట్రీసా. మెథియోనిన్. ప్రతి ప్రోటీనూ దీంతోనే మొదలవుతుంది. నువ్వు రాకపోతే మొదలే లేదు.”

క్లాసంతా నావైపు జాలిగా చూసింది. నా మీద నాకే జాలేసింది. ఎందుకంటే తొమ్మిదో తరగతిలో నేను బడికి వచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. ఇంతమందిలో నాకే పడాలా ఈ పేరు?

మొదట మానింది గ్లైసిన్. గవదబిళ్ళలు. మాష్ పందొమ్మిది మందిని వాడి కిటికీ కింద వానలో నిలబెట్టి కొవ్వుల పాఠం చెప్పాడు. సేవ్యర్ బెలూన్ లాంటి ముఖంతో లోపలినుంచి జవాబులిచ్చాడు. వారం తిరిగేసరికి ఇంకో ముగ్గురికి గవదలు. ఇక రోజూ నాలుగిళ్ళు. ఒక్కో కిటికీ కింద ఒక్కో పేరా. గొడుగులతో మేం వీధిలో కనపడితే చాలు, ఏ ఊరేగింపు అని అడగడం మానేసి, ఈరోజు ఏ ఆమ్లం అని అడిగేవాళ్ళు జనం.

తర్వాత ట్రిప్టోఫాన్. ఉప్పుటేరు అవతల మేనమామ పెళ్ళికి పోయాడు. మేం బోటెక్కి పెళ్ళికి వెళ్ళాం. అబ్బాయి తరఫువాళ్ళు మమ్మల్ని అమ్మాయి తరఫు అనుకున్నారు, అమ్మాయి తరఫువాళ్ళు అబ్బాయి తరఫు అనుకున్నారు. ఇద్దరూ పోటీపడి అరిటాకులు వేశారు. మాష్ విస్తరి ముందు పాఠం మొదలుపెట్టాడు. అన్నం, పాయసం చక్కెరలు, పప్పు ప్రోటీన్, దాని మీద నెయ్యి కొవ్వు. “నాలుగోది ఏది మాష్?” అని ఎవరో అడిగారు. ఆయన పాయసం చేత్తోనే పెళ్ళికొడుకు చెవుల వైపు చూపించి, తర్వాత వాళ్ళ నాన్న చెవుల వైపు చూపించాడు. న్యూక్లిక్ ఆమ్లం జీవితంలో ఎవరమూ మర్చిపోలేదు. ఆ చెవులు అలాంటివి.

బెంచీల మీద చోట్లు మారడం కూడా నేరమే. ఒకసారి వాలిన్ వెళ్ళి గ్లుటామిక్ చోట్లో కూర్చున్నాడు, ఫ్యాను గాలి తగులుతుందని. అంతే. నెత్తురులోని ప్రోటీన్‌లో సరిగ్గా ఒక గ్లుటామిక్ చోట్లో ఒక వాలిన్ కూర్చుంటే రక్తకణం కొడవలిలా వంగిపోతుందనీ, మనిషి జీవితమంతా నొప్పులు పడతాడనీ మాష్ గంటసేపు చెప్పాడు. చివరికి వాలిన్ ఏడుస్తూ తన చోటికి పోయాడు. ఆ ఫ్యాను కింద ఆ ఏడాది ఇంకెవరూ కూర్చోలేదు.

జిల్లా విద్యాశాఖ నుంచి ఆయనకు మెమోలు వచ్చేవి. పిల్లలను పెళ్ళికి ఎందుకు తీసుకెళ్ళారు? ఆయన జవాబు ఒకే వాక్యం. “ట్రిప్టోఫాన్ అక్కడ ఉంది కనుక.” కౌసల్య టీచర్ ఆ జవాబు మీద సంతకం పెడుతూ పెదవి కొరుక్కునేవారు. ఉద్యోగం పోతుంది మాష్, మీకేం పట్టదా అని ఒకరోజు గట్టిగానే అడిగారట. నా ఉద్యోగం పోయినా ఇరవై ఇరవయ్యే టీచర్ అన్నాడట ఆయన.

ఆగస్టులో నా వంతు వచ్చింది.

మా అమ్మ రీత్తమ్మ, నేను అమ్మచ్చి అంటాను, యజమాని అంత్రయోస్ మొదలాళి రొయ్యల షెడ్డులో ఒలుపు పని చేసేది. తెల్లారకముందే ఐసుగడ్డల్లో రొయ్యలు దిగేవి. ఆడవాళ్ళు నేలమీద చిన్న పీటలేసుకుని వరసగా కూర్చుని తల తుంచి, పెంకు తీసి, నరం లాగి బేసిన్లో వేయాలి. ఆ ఏడాది అమ్మచ్చి నడుము వంగడం మానేసింది. బేసిన్ నిండకపోతే పని ఉండదు. నా వేళ్ళు చురుకు. తొమ్మిదో తరగతిలో అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. ఇప్పుడు రోజూ రావాల్సిందే అంది అమ్మచ్చి. ఆ మాట నా ముఖం చూడకుండా, చేప కూరలో పులుపుకి కుడంపులి వేస్తూ అంది. బడి అయిపోయిందని నాకు అర్థమైంది. పుస్తకాలు బియ్యం డబ్బా మీద పెట్టేశాను.

మొదటిరోజు రెండో పీరియడ్ వేళకి షెడ్డు తలుపు దగ్గర పందొమ్మిది గొడుగులు మూసుకున్నాయి.

“ఏంటి మాషే, రొయ్యలు కావాలా?” అంది అమ్మచ్చి.

“మెథియోనిన్ కావాలి, రీత్తమ్మా. మీరు పని కానివ్వండి, మాకు ఓ మూల చాలు.”

పెంకుల గుట్ట పక్కన నిలబడి పాఠం మొదలుపెట్టాడు. ఈ పెంకు చక్కెరకి దగ్గరి చుట్టం అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. చక్కెరైతే చీమలెందుకు పట్టవు మాషే, అని అమ్మచ్చి అడిగింది. ఆయన ముఖం పొద్దుటి ఉప్పుటేరులా మెరిసింది. ముప్ఫై ఏళ్ళలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న ఇది అని, ఆ చక్కెరలు ఎంత బిగువుగా అల్లుకున్నాయో, చీమ దగ్గర ఆ ముడి విప్పే తాళంచెవి ఎందుకు లేదో అరగంట చెప్పాడు. ఆ అరగంటా ఎవరి బేసినూ నిండలేదు. మొదలాళి గల్లాపెట్టె దగ్గరనుంచి రెండుసార్లు దగ్గాడు.

రెండోరోజు రొయ్య తలలోంచి నీళ్ళమీద తేలే నారింజరంగు నూనె చూపించి కొవ్వులు చెప్పాడు. మొదలాళి నాలుగుసార్లు దగ్గాడు.

మూడోరోజు మా బడికి తనిఖీ. జిల్లా విద్యాధికారి వచ్చేసరికి పదో తరగతి గది ఖాళీ. నల్లబల్ల మీద మాష్ చేతిరాత ఉంది. ‘మెథియోనిన్ కోసం రొయ్యల షెడ్డుకి వెళ్ళాం. తమరూ రావచ్చు.’ అధికారి నిజంగానే వచ్చాడు. మెరిసే బూట్లతో పెంకునీళ్ళలో నిలబడ్డాడు. వెనక కౌసల్య టీచర్, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని.

“పందొమ్మిది మంది ఉన్నారు కదయ్యా. బడిలో చెప్పుకోవచ్చుగా,” అన్నాడు అధికారి. “అయినా ప్రతి ప్రోటీన్‌కీ ఇరవై రకాలూ అక్కర్లేదు. నేనూ జీవశాస్త్రమే చదివాను.”

“నిజమే సార్. కానీ మొదటిది లేకుండా ఏదీ మొదలవదు. ఆ మొదటిది అదిగో, రొయ్య ఒలుస్తోంది.”

“ఆ పేరు ఇంకొకరికి పెట్టు.”

“సార్, ఒకదాని చోట్లో ఇంకొకటి కూర్చుంటే...” అని మాష్ మొదలుపెట్టగానే వాలిన్ వెక్కి వెక్కి ఏడవడం అందుకున్నాడు. అధికారికి ఏమీ అర్థం కాలేదు. అంతలో ఎవరో పీట వేస్తే కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడు కాబట్టి మాష్ పాఠం మొదలుపెట్టేశాడు.

ఆ రోజు ప్రోటీన్లు. మాష్ నా చెయ్యి అడిగి తీసుకుని అందరికీ చూపించాడు. వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, పగుళ్ళుబారి, లోపలి ఎరుపు కనపడుతోంది. రొయ్యలో ప్రోటీన్‌ని కరిగించే రసాలు ఉంటాయన్నాడు. రొయ్య చచ్చినా వాటికి చావు తెలియదు, పని చేస్తూనే ఉంటాయి. రొయ్య కండ ప్రోటీన్. మన వేళ్ళ తోలూ ప్రోటీనే. ఆ రసాలకి మీరూ రొయ్యా ఒకటే.

షెడ్డులో ఐసు కరిగే చప్పుడు వినిపించింది. నలభైమంది ఆడవాళ్ళు తమ చేతులు తిప్పి చూసుకున్నారు. ఇన్నేళ్ళూ రాత్రిపూట పసుపూ కొబ్బరినూనే రాసుకుంటూ, ఇది ఉప్పునీళ్ళ వల్ల, చలి వల్ల, తమ రాత వల్ల అనుకున్నారు. అమ్మచ్చి తన చెయ్యి చూసుకుంది. తర్వాత నాది చూసింది. చేతిలో రొయ్య కింద పెట్టింది.

“మొదలాళీ, చేతి తొడుగులు కావాలి. నిలబడి ఒలవడానికి బల్లలు కావాలి.”

మొదలాళి నవ్వాడు. సాయంత్రం మాట్లాడదాం, ముందు పని చూడు రీత్తమ్మా అన్నాడు.

అమ్మచ్చి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పక్కనున్న కుంజమ్మ పెట్టుకుంది. అలా వరస చివరిదాకా నలభై జతల చేతులు ఒళ్ళోకి చేరాయి. నా చేతులు కూడా.

“సరే, కూర్చోండి. నాకేం తొందర,” అన్నాడు మొదలాళి.

“మేం కూర్చుంటాం,” అంది అమ్మచ్చి. “ఆ రసాలు కూర్చోవు, మొదలాళీ. ఇప్పుడే విన్నాంగా.”

ఆయన రొయ్యల గుట్ట వైపు చూశాడు. ఐసు కింద నీరు చిన్న కాలువలా పారుతోంది. విద్యాధికారి వైపు చూశాడు. ఆయన మాష్ చెప్పింది శాస్త్రపరంగా కరెక్టే అన్నట్టు తల ఊపాడు. అప్పటికే ఆయన బూట్లు పనికిరాకుండా పోయాయి, ఇక కాపాడుకోవాల్సింది ఏమీ లేదు.

“తొడుగులు ఇస్తాను. బల్లలు వేయిస్తాను,” అన్నాడు మొదలాళి. “కానీ ఈ పిల్ల రేపట్నుంచి నా షెడ్డులో కనపడకూడదు. ఒక్కదాన్ని పెట్టుకుంటే బడి మొత్తం వస్తోంది.”

అలా నా ఉద్యోగం పోయింది. నిలబడి ఒలవడంతో అమ్మచ్చి నడుము కొంచెం మాట వినడం నేర్చుకుంది. మొదలాళి మాట ఊరంతా పాకింది. ఆ తర్వాత కాట్టుంచిరలో పదో తరగతి పిల్లని పనిలోకి తీసుకోవాలంటే ఎవరికీ ధైర్యం చాలలేదు. ఒకరు పనికొస్తే పందొమ్మిది మందీ ఒక మాషూ ఉచితంగా వస్తారని. మెమో మాత్రం వచ్చింది. పిల్లలను రొయ్యల షెడ్డుకు ఎందుకు తీసుకెళ్ళారు? జవాబు మీకు తెలుసు.

పదిహేనేళ్ళ తర్వాత అదే బడికి నేను జీవశాస్త్రం టీచర్‌గా వచ్చాను. చేరేముందు రోజు మాష్ ఇంటికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా అడిగాను. ఆయన వాలుకుర్చీలోంచి లేవకుండా అలమర వైపు చూపించాడు. మూత తీశాను. చీటీలు ఉన్నాయి. ఒకటి విప్పాను. ఇంకొకటి విప్పాను. ఇరవై విప్పాను.

“మాష్, వీటిలో ఏమీ రాసి లేదు.”

“వానకి చెరిగిపోయి ఉంటాయి.”

“అలమరలో వాన ఎక్కడిది మాష్?”

“చీటీ తీయాలంటే డబ్బాలో చెయ్యి పెట్టాలి కదా,” అన్నాడు. “చెయ్యి చూడ్డం అయిపోయాక చీటీతో ఏం పని?”

నేను నా వేళ్ళ వైపు చూసుకున్నాను. ఆ జూన్ వాన వెలుతురులో, రొయ్యలు ఒలిచి పగిలిన ఆ వేళ్ళని కిటికీ వైపు తిప్పిన చెయ్యి గుర్తొచ్చింది. మరి దివాకరన్‌కి ట్రిప్టోఫాన్ ఎలా పడింది అని అడిగాను.

“పొడుగ్గా ఉన్నాడుగా. అది కూడా కనిపెట్టలేకపోయారు. మీకు పాఠం చెప్పాను నేను.”

ఈ ఏడాది కూడా డబ్బా తీసుకెళ్ళాను. పదమూడో పిల్లాడు చెయ్యి పెట్టి తీశాడు. చెయ్యి కిటికీ వైపు తిప్పాను. గోళ్ళ కింద నల్లటి ఇంజన్ ఆయిలు, బొటనవేలి మీద కొత్త కాలిన మచ్చ. తెల్లకాగితం విప్పి, గొంతు సవరించుకుని చదివాను.

“మెథియోనిన్.”

క్లాసంతా వాడివైపు జాలిగా చూసింది.

నిన్న వాడు రాలేదు. కొత్త హెడ్‌మాస్టర్ తలుపు దగ్గర ఆగి, పందొమ్మిది మంది ఉన్నారుగా టీచర్, ఇంకా మొదలుపెట్టలేదేం అని అడిగారు. పందొమ్మిదితో కుదరదు సార్ అన్నాను. సుద్దముక్క పర్సులో వేసుకుని వెనక్కి తిరిగేసరికి పిల్లలు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.