లావక్షరాల్లో ఒక మాట

దయ్యాలున్నాయని చెప్పేవాళ్ళను ముఖం మీదే కడిగేసే మనిషిని నేను. నంద్యాలలో శ్మశానం పక్కనే అద్దె ఇంట్లో తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. దోమలు తప్ప నన్ను ఏవీ పీడించలేదు. అందుకే ఇప్పుడు రాయబోయేది రాయాలంటే నా మీద నాకే కోపంగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టే రాస్తాను.

నేను బడికి పోలేదు. పదమూడో ఏట ఒక అచ్చాఫీసులో ఊడ్చే పనికి చేరాను. అక్కడ అక్షరాలు కూర్చే దావీదన్న, సీసపు అక్షరాలు చేతిలో పెట్టి నాకు చదువు నేర్పాడు. సీసం మీద అక్షరం తిరగేసి ఉంటుంది. తిరగబడ్డ అక్షరాలే నాకు ముందు వచ్చాయి, తిన్ననివి తర్వాత వచ్చాయి.

దావీదన్నకు ఒక అలవాటు ఉండేది. పెండ్లిపత్రికలోనో, కర్మల కార్డులోనో ఏదైనా మాట మీద అనుమానం వస్తే, మొదటి ప్రూఫులో ఆ ఒక్క మాటను లావక్షరాల్లో కూర్చేవాడు. అందం కోసం కాదు. "పోయి అడిగి రా" అని దాని అర్థం. నోటితో చెప్పేవాడు కాదు, ప్రూఫు చేతికిచ్చేవాడు. నేను సైకిలెక్కి ఆ ఇంటికి పోయి అడిగి వచ్చాక, లావక్షరాలు తీసి సన్నవి పెట్టేవాడు.

"ఇంత అవసరమాన్నా?" అని ఒకసారి అడిగాను.

"పెండ్లికూతురి నాయన పేరు తప్పు పడితే పందిట్లో తన్నేది నన్ను గాదప్పా, కార్డులు మోసుకపోయిన నిన్నే" అన్నాడు.

ఇప్పుడు ఊరంతా ఫ్లెక్సీలు, ఒక్కో ఫ్లెక్సీలో అయిదు తప్పులు. అడిగేవాడు లేడు, సిగ్గుపడేవాడు లేడు. ఆ అచ్చాఫీసు మూతపడి చాలా ఏళ్ళయింది. అందులో పనిచేసింది మేమిద్దరమే. ఆ లావక్షరాల అలవాటు తెలిసిందీ మా ఇద్దరికే.

దావీదన్న పోయిన ఏడాది కన్నుమూశాడు. ఆయన కూతురు రూతమ్మ, బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది, నాకు ఫోన్ చేసింది. "చిన్నాయనా, నాయన సమాధి మీది రాత నువ్వే రాయాల. తప్పు పడితే నాయన ఊరుకోడు" అంది.

రాయి ఆళ్ళగడ్డలో చేయిస్తున్నారు. అక్కడి శిల్పి తన వెబ్ పేజీ ఒకటి నాకు పంపాడు. ఫోన్‌లోనే దాన్ని తెరిచి, చెక్కాల్సింది మనమే టైపు చేయాలి. లావుగా పెట్టింది లోతుగా చెక్కుతారు, వాల్చింది వాల్చినట్టే చెక్కుతారు.

అంత నరకం నేను అచ్చాఫీసులో కూడా చూడలేదు. కీబోర్డు సగం తెరను మింగేస్తుంది. ఒక మాటను పట్టుకోవాలంటే వేలు అదిమిపెట్టాలి. అప్పుడు రెండు నీలం బొట్లు వస్తాయి, వాటిని లాగితే పక్క మాట కూడా వెంట వస్తుంది. లావు చేసే గుర్తు కోసం వెతికేలోపు అది పైకి ఎగిరిపోతుంది. ఇలాంటిది తయారుచేసినవాడికి నా వేళ్ళంత వేళ్ళు ఉండాల్సింది.

అయినా పట్టుదలగా మధ్యాహ్నానికి రాశాను. పేరు మాత్రమే లావుగా పెట్టాను. కింద సన్నగా, "ఏకైక కుమార్తె రూతు ప్రేమతో నిలిపినది" అని. ఆ మాటలు రూతమ్మ చెప్పినవే.

'సేవ్' నొక్కి భద్రం చేసి చూస్తే "ఏకైక" లావుగా ఉంది.

వేలు తగిలిందనుకొని తీసేశాను. మళ్ళీ భద్రం చేశాను. మళ్ళీ లావుగానే ఉంది. ఆ మాటను పూర్తిగా చెరిపి, అక్షరం అక్షరం కొత్తగా కొట్టాను. అదే లావు. మొత్తం తుడిచేసి, వాట్సాప్‌లో మామూలుగా రాసుకొని, అక్కడి నుంచి తెచ్చి అతికించాను. పేరుతో సహా మిగతా మాటలన్నీ సన్నగా ఉన్నాయి. అదొక్కటే లావుగా ఉంది.

ఫోన్‌ను తిట్టాను. కంపెనీని తిట్టాను. ఇంతలో శిల్పి ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, ఏకైక అనేదొకటే లావుగా ఉండాది ఈడ. అట్లనే లోతుగా చెక్కమంటావా?"

"నేను పెట్టలేదప్పా."

"మరి ఎవురు పెట్టినారు? రేపు పొద్దున్నే ఉలి పెడతాండాం. చెక్కినాంక తుడపడానికి ఇదేమన్నా పలకనా?"

అతని కంప్యూటర్‌లోనూ అలాగే కనిపించిందంటే నా కళ్ళ దోషం కాదు. ఫోన్ పెట్టేశాక కాసేపు ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు వచ్చింది ఆలోచన. లావక్షరాలంటే, పోయి అడిగి రా.

ఆటో ఎక్కి రూతమ్మ ఇంటికి పోయాను. ఏమని అడగాలో తెలియలేదు.

"నీకు తోడబుట్టినోళ్ళు ఎవరూ లేరు గదమ్మా?"

ఆమె నవ్వింది. "ఏంది చిన్నాయనా, నన్ను సంకనేసుకొని తిప్పినోనివి, నీకు తెల్దా? యాడన్నా ఎండదెబ్బ తగిలిందా?"

ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది. లోపలికి పోయి వాళ్ళ ఇంటి పాత బైబిలు తెచ్చింది. చివరి అట్ట లోపలి పక్క తిప్పింది. దావీదన్న గుండ్రటి చేతిరాతను నేను ఎక్కడైనా గుర్తుపడతాను. "కరుణ. రెండు నెలలు. దొర్నిపాడు." అంతే ఉంది.

దొర్నిపాడు రూతమ్మ తల్లి పుట్టిల్లు.

"చిన్నప్పుడు ఒకసారి ఇది చూసి, ఎవురు నాయనా ఇది అని అడిగినా" అంది రూతమ్మ. "నాయన పుస్తకం మూసేసి, అడగొద్దు అన్న్యాడు. మళ్ళా అడగలేదు. మర్చేపోయినా చిన్నాయనా. అక్కను మర్చేపోయినా."

జీవితమంతా నన్ను ఇల్లిల్లూ తిప్పి అడిగించిన మనిషి, తన ఇంట్లో మాత్రం అడగొద్దన్నాడు. నాకు ఏనాడూ ఆ పేరు చెప్పలేదు. నేను పనిలో చేరకముందే ఆ బిడ్డ వచ్చి పోయింది.

అక్కడే కూర్చొని ఆ వరుస మార్చాను. "కుమార్తెలు కరుణ, రూతు" అని కొట్టాను. భద్రం చేశాను. సన్నగా ఉంది. పేజీ మూసి తెరిచాను. సన్నగానే ఉంది. శిల్పికి ఫోన్ చేస్తే, "ఇప్పుడు అన్నీ ఒకే తీరుగా ఉండాయి పెద్దాయనా" అన్నాడు.

రాయి నిలబెట్టిన రోజు రూతమ్మ అక్క పేరును వేలితో తడిమి చూసింది. నేను పక్కకు తిరిగాను.

తర్వాత అదే పేజీలో "ఏకైక" అని ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. ఒక్కసారి కూడా లావుగా రాలేదు. ఫోన్లు బాగుచేసే చోట అడిగితే, వెబ్ పేజీలో ఏదో లోపం ఉండుంటుంది అన్నారు. ఉండవచ్చు. అన్ని మాటల్లో ఆ ఒక్క మాట మీదే ఎందుకు పడిందో వాళ్ళూ చెప్పలేదు, నేనూ చెప్పలేను.

ఇది కూడా అదే ఫోన్‌లో రాస్తున్నాను. ఒక్కో పేరా అయ్యాక భద్రం చేసి, పైకి జరిపి చూస్తున్నాను, ఏ మాటైనా లావైందేమోనని. ఇంతవరకు కాలేదు. రాసింది సరిగ్గానే ఉన్నట్టా, చూసే మనిషి వెళ్ళిపోయినట్టా?

అడుగుదామంటే, ఈసారి ఎవరింటికి పోవాలో తెలియడం లేదు.