నొప్పికీ కూతకీ నడుమ

మా వదిన మనుషుల్ని చెవులతో గుర్తుపడుతుంది. రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే మొహం చూడదు, కాస్త పక్కకి వంగి చూస్తుంది. "ఓ, మీరా! చెవితమ్మె అతుక్కుని ఉంటుందే, ఆవిడ కదూ!" అంటుంది. అవతలి మనిషి తమ్మె తడుముకుంటూ నిలబడిపోతుంది. మా అన్నయ్యకి ఇది అలవాటే. పెళ్ళిచూపుల్లో కూడా ఈవిడ తన చెవులే చూసిందనీ, తక్కినదేదీ చూడకుండా ఒప్పేసుకుందనీ ఆయన నమ్మకం.

ఆవిడ ఇరవై ఆరేళ్ళు ఒక కొట్టు వెనకగదిలో పని చేసింది. అది వినికిడి మిషన్లు అమ్మే కొట్టు. మిషను ఎక్కడో తయారై వస్తుంది కానీ, దాన్ని చెవిలో నిలబెట్టే మోల్డు మాత్రం ఏ చెవికా చెవికి విడిగా చెయ్యాలి. చెవిలో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీస్తారు. ఆ అచ్చుని బట్టి గట్టి ప్లాస్టిక్కుతో మోల్డు పోస్తారు. అక్కణ్ణించి వదిన పని. మోటారుకి బిగించి తిరిగే బిట్టు కింద దాన్ని అరగదీసి, నున్నగా తీర్చాలి. తక్కువ తీస్తే చెవి ఒరుసుకుపోయి నొప్పి పుడుతుంది. ఎక్కువ తీస్తే సందు ఏర్పడి, శబ్దం బయటికి కారి, మిషను కూత పెడుతుంది. నొప్పికీ కూతకీ నడుమ ఉండేది వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసిలోనే ఆవిడ ఇరవై ఆరేళ్ళు గడిపింది.

కొట్టు ఊరి ఆ చివరికి మారింది. రెండు బస్సులు మారి వెళ్ళడం మోకాళ్ళ వల్ల కాక, ఇంట్లోనే పని పెట్టుకుంటానని చెప్పింది. యజమాని నవ్వాడు.

"పెట్టుకో అమ్మా, ఎవరు వద్దన్నారు? కానీ ఒక్కమాట. ఇన్నాళ్ళూ ఆ మోల్డులు చేసింది నీ చెయ్యి కాదు, నా మోటారు. ఇంటికెళ్ళాక నీకే తెలుస్తుంది."

వదిన తను కొనుక్కున్న పాత బిట్ల డబ్బా ఒకటి సంచిలో వేసుకుని వచ్చేసింది. ఆ మాట కూడా వెంట వచ్చింది. కూర గిన్నె దించుతూ, బట్టలు మడతపెడుతూ, ఉన్నట్టుండి "నా మోటారట!" అనేది.

వంటింటి వెనక వరండాలో బట్టలు ఆరేసే తీగ పక్కకి జరిగింది. పాత కుట్టుమిషను బల్ల, మెడ వంగే దీపం, పొడి రాలడానికి ఒక పళ్ళెం. కొట్టు సిద్ధం. మా అన్నయ్య సిటీబస్సు డ్రైవరు. భార్యకి చెప్పకుండా ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. చేతిలో పట్టుకుని వాడే చిన్న గ్రైండరు, దానికి తగిలించే నూట నలభై ముక్కలు.

"నిమిషానికి ముప్ఫై అయిదు వేల చుట్లు! నీ యజమాని మోటారు దీని ముందు బలాదూరు," అన్నాడు.

మొదటి బేరం వెనకవీధిలో ఉండే టికెట్ల గుమాస్తా. స్టేషన్లో గాజు అద్దం వెనక కూర్చుని టికెట్లిస్తాడు. వేరేచోట చేయించిన మోల్డు రెండు గంటలు దాటితే చెవిని కోసేస్తోంది. తీసి జేబులో వేసుకుంటాడు. అప్పణ్ణించి ఊరిపేరు మూడుసార్లు అరిపిస్తాడు. జనం ఫిర్యాదు చేశారు. పైఅధికారి పదిహేను రోజులు గడువిచ్చాడు. ఆలోగా సర్దుకోకపోతే స్టోరుగదిలో కాగితాల కట్టలు లెక్కపెట్టుకోవాలి.

"నాకు మనుషులుండాలమ్మా," అన్నాడాయన. "అద్దం అవతల ఎవరో ఒకరు తగవు పెట్టుకుంటూ ఉండాలి. కట్టలతో నేనేం మాట్లాడను?"

వదిన అచ్చు తీసింది, మోల్డు పోసింది, పెట్టెలోంచి గ్రైండరు తీసింది. స్విచ్చి నొక్కగానే అది చేతిలో కందిరీగల తుట్టెలా ఊగింది. బిట్టు తగిలిన చోట ప్లాస్టిక్కు అరగలేదు, కరిగింది. వరండా అంతా కమురు వాసన. వేగం తగ్గించి నొక్కితే బిట్టు ఆగిపోతుంది, పెంచితే కరిగిపోతుంది. ఎలాగో తంటాలుపడి పూర్తిచేసి గుమాస్తా చెవిలో పెట్టింది. అది కుక్కరులా కూత అందుకుంది.

ఆయన పాపం మంచివాడు. "పరవాలేదమ్మా, కనీసం నొప్పి లేదు," అన్నాడు.

ఆయన వెళ్ళాక వదిన ఆ మోల్డుని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. "ఆయన మోటారే చేసిందేమో," అంది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నోట అలాంటి మాట నేను వినలేదు.

అన్నయ్య బెంగపడ్డాడు. "కొత్తది కదా, అరగాలేమో. పవరుకేం లోటు? ముప్ఫై అయిదు వేలు!"

వదిన తలెత్తింది. "మన సందులోకి బస్సు తిప్పాలంటే ఏ గేరులో తిప్పుతారు?"

"ఫస్టులో."

"టాప్ గేరులో తిప్పరేం? పవరుకి లోటు లేదుగా?"

"గోడకి కొడుతుంది. సందులో వేగం కాదే కావలసింది, మెల్లగా పోతూ కూడా ఆగకుండా..." అన్నయ్య నోరు మధ్యలో ఆగింది. పెట్టెకేసి చూశాడు. "ఓహో," అన్నాడు. లేచి చొక్కా వేసుకున్నాడు. "పద. మార్చుకొద్దాం."

గడువు ఇంకా అయిదు రోజులుంది. ముగ్గురం పనిముట్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టువాడు పెట్టె చూడగానే అన్నయ్య వైపు తిరిగాడు. "ఏం సార్, ఇంకా పెద్దది కావాలా?"

"నాకు స్టీరింగు తప్ప ఏదీ పట్టుకోవడం రాదు. ఆవిడతో మాట్లాడు," అన్నాడు అన్నయ్య.

వదిన సంచిలోంచి బిట్ల డబ్బా, ఒక ప్లాస్టిక్కు తునక, తెల్లకాగితం తీసి గల్లాబల్ల మీద పేర్చింది. కొట్టువాడు తెచ్చిపెట్టిన వాటిలో మొదటి గ్రైండరుకి సన్నటి బిట్టు బిగించి, తిప్పుతూ కాగితం ముందు పట్టుకుంది. "మొన చూడు, ఎన్ని కనబడుతున్నాయి?" అని నన్నడిగింది. రెండు కనబడ్డాయి. "తిన్నగా తిరిగితే ఒక్కటే కనబడాలి. తీసెయ్," అంది. రెండోదాని మొన ఒక్కటే కానీ, మెల్లగా తిప్పి తునకకి నొక్కేసరికి కిక్కురుమనకుండా ఆగిపోయింది. మూడోదాన్ని చెవి కింద దవడ ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకుంది.

"అమ్మా, అక్కడెందుకు?" అన్నాడు కొట్టువాడు కంగారుగా.

"అదురు చూడ్డానికి. చెయ్యి మొహమాటపడి అలవాటు చేసేసుకుంటుంది నాయనా. ఎముక అలా కాదు." కళ్ళు తెరిచి దాన్ని పక్కన పెట్టింది. నాలుగోదాన్ని పది నిమిషాలపాటు అలా తిరగనిచ్చి, వీపు ముట్టుకుని, "కాలుతోంది," అంది.

కొట్టువాడికి ఓపిక అయిపోయింది. "పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని పరీక్షలు పెట్టరమ్మా!"

"అప్పుడు పెట్టకపోబట్టే ఇప్పుడు పెడుతున్నా."

"ఏమాటకామాట, నేను పది నిమిషాలకి వేడెక్కను," అన్నాడు అన్నయ్య.

వదిన నవ్వుకుంటూ అటుపక్క అద్దాల బీరువాలోకి చూసింది. లావుపాటి పెన్నులాంటిదొకటి, దాని వైరు చిన్న డబ్బాలోకి పోయింది. మొత్తం గులాబీరంగు.

"అది మీక్కాదమ్మా," అన్నాడు కొట్టువాడు. "గోళ్ళు తీర్చే పార్లరు వాళ్ళు తీసుకెళ్తారు. పనిముట్టు కాదది, సింగారం."

"గోరు నున్నగా అరగాలి, కింద చర్మం కాలకూడదు. అంతేనా?"

"అంతే."

"నా పనీ అదే. ఇలా తియ్యి."

పాత డబ్బాలోని బిట్టు అందులో తొడిగినట్టు కూర్చుంది. కాగితం మీద మొన ఒక్కటే. డబ్బా మీది చక్రాన్ని అడుగుకి తిప్పి తునకకి నొక్కింది. తెల్లటి పొడి రాలింది, పిండి జల్లించినట్టు. ఇంకా నొక్కింది. ఆగలేదు.

అన్నయ్య గల్లా మీదికి వంగిపోయాడు. "ఫస్టు గేరులో గుంజుతోందే!" అని కేకేశాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. కాసేపటికి తేరుకుని, "నల్లరంగుది లేదా?" అని గొణిగాడు.

"మీ బస్సు పచ్చగా ఉందని నడపడం మానేశారా?" అంటూ వదిన దాన్ని దవడకి ఆనించుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉంచింది. తీసి సంచిలో పెట్టుకుంది. కొట్టువాడు పెట్టె వెనక్కి తీసుకోనని కాసేపు బిగిశాడు కానీ, వదిన ఇంకో పరీక్ష పెట్టడానికి చెయ్యి చాపేసరికి తీసేసుకున్నాడు.

మళ్ళీ అచ్చు, మళ్ళీ మోల్డు. గుమాస్తా వరుసగా మూడు సాయంత్రాలు వచ్చి వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన మొహం ఎక్కడ చిట్లితే అక్కడ వదిన మోల్డు మీద పెన్సిలుతో చుక్క పెట్టేది. చుక్క పోయేవరకు అరగదీసి, పొడి ఊది, కింది పెదవికి తాకించి గరుకు చూసుకునేది. మూడోరోజు ఉన్నట్టుండి స్విచ్చి కట్టేసింది.

"ఇంకాస్త తియ్యకూడదూ?" అన్నాడాయన ఆశగా.

"ఇంకొక్క చుట్టు తిప్పితే కుక్కరు మొదలవుతుంది. పెట్టుకున్న రెండు గంటలకి బాగుందని అందరూ అంటారు. నాలుగో గంటకి నేనే వచ్చి చూస్తా."

అన్నట్టే మర్నాడు నాలుగో గంటకి నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళి, వరసలో నిలబడింది. గుమాస్తా వెనక బల్ల దగ్గర పైఅధికారి కూర్చుని ఆయన్నే చూస్తున్నాడు. వదిన వంతు వచ్చింది.

"ఏ ఊరికమ్మా?" అన్నాడు గుమాస్తా మామూలుగా, తరవాత గుర్తుపట్టి నవ్వాడు.

"ఏ ఊరికీ కాదు. చెవి చూపించండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఎర్రబడిందో లేదో చూడాలి."

ఆయన మోల్డు తియ్యకుండానే తల పక్కకి తిప్పి, చెవి వెనక్కి లాగి చూపించాడు. వదిన ముక్కు అద్దానికి ఆనించి చూసింది. అంచు చుట్టూ చర్మం మామూలుగానే ఉంది. ఎక్కడా ఎరుపు లేదు, ఒరుపు లేదు. మా వెనక సూట్‌కేసు మీద కూర్చున్న ఒకాయన తనలో తను గొణుక్కున్నాడు. "చెవిటి మాలోకం. పైగా కబుర్లొకటి."

గుమాస్తా తల తిప్పకుండానే అన్నాడు. "మాలోకం వినేసింది బాబూ. మీ వంతు రానివ్వండి, కిటికీ పక్క సీటు చూస్తాను."

వరసంతా గొల్లుమంది. సూట్‌కేసు ఆయన లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక తనూ నవ్వేశాడు. వెనక బల్ల దగ్గర అధికారి కుర్చీలోంచి లేస్తూ, "స్టోరుగదికి ఇంకొకళ్ళని వెతుక్కుంటాలే. కానివ్వండి, వరస ఆగిపోయింది," అన్నాడు.

వదిన అద్దం దగ్గర్నించి పక్కకి వచ్చింది కానీ వెళ్ళలేదు. గాజు దగ్గర్నించి సూట్‌కేసు దాకా మనుషుల్ని వేలితో లెక్కపెట్టింది.

"అయిదో మనిషి," అంది నా మణికట్టు పట్టుకుని. "అద్దం ఇవతల, అయిదో మనిషి! అదీ అరుపు కాదు, గొణుగుడు!"