మేనేజరు సంచి

జిప్పులక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఆమె అసలు పేరు గుర్తింపు కార్డుకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక పాత మేడ మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలేంత గదిలో కూర్చుని, తెగిన పట్టీలూ ఊడిన చక్రాలూ నోరు మూతపడని జిప్పులూ బాగుచేస్తూ వచ్చింది. ఆ పని నేర్పింది నాన్న. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు తీరిక దొరకలేదని చెప్పేది. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు గానీ, ఆమె నిజమే చెప్పేది.

విమానాశ్రయం అక్కడికి దగ్గర. అందుకే ఆమె చేతికి వచ్చే పెట్టెల్లో సగం విమానాల్లో తిరిగి వచ్చినవే. తను మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కలేదు. కానీ విమానం కింద సామాను గదిలోకి వెళ్ళిన వస్తువు ఏ స్థితిలో తిరిగొస్తుందో ఆమెకు తెలిసినంతగా ఆ విమానాలు నడిపేవాళ్ళకు కూడా తెలియదు. చొట్టపడ్డ మూలలు, విరిగిన పిడులు, ఒకసారైతే రెండుగా చీలిన పెంపుడు జంతువుల పంజరం. ఆ పంజరంలో వెళ్ళిన జీవి సంగతి ఆమె అడగలేదు. తెచ్చిన మనిషి ముఖం చూశాక అడగబుద్ధి కాలేదు.

పనిలో ఆమెకొక అలవాటు ఉంది. ఏ సంచి బాగుచేసినా జిప్పును మూడుసార్లు లాగి చూస్తుంది. మొదటిసారి జిప్పు కోసం, రెండోసారి గిరాకీ కోసం, మూడోసారి తన కోసం అనేది. మూడోసారీ సాఫీగా నడిస్తే ఆ పని అయిపోయినట్టు. అప్పుడు కొట్టు మేనేజరుకు ఒక ఎండుచేప ముక్క పడేది.

మేనేజరంటే పిల్లి. తొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఒక గోధుమరంగు పెట్టె చక్రాల కోసం ఇచ్చి మళ్ళీ రాలేదు. ఆరు నెలలు చూసి, అమ్మేద్దామని ఓరగా పడి ఉన్న మూత పూర్తిగా ఎత్తితే లోపల కళ్ళు తెరవని కూన ఒకటి ఉంది. తల్లి జాడ లేదు. ఆ పెట్టె ఇక అమ్ముడుపోలేదు. కూన పెరిగి, సగం చెవి ఏదో పోట్లాటలో పోగొట్టుకుని, బల్ల మీద కూర్చుని వచ్చినవాళ్ళందరినీ ఎగాదిగా చూడడం మొదలుపెట్టాక ఆ పేరు స్థిరపడింది. వాణ్ని ఎవరైనా 'అది' అంటే జిప్పులక్కకు కోపం. అందుకని మనమూ 'వాడు' అనే అందాం.

పిలిస్తే రాడు, పొమ్మంటే పోడు. కానీ జిప్పు మూడోసారి లాగిన చప్పుడు వినపడితే ఎంత నిద్రలో ఉన్నా లేచి నిలబడి, గిరుక్కున ఆమె వైపు తిరిగేవాడు. రెండుసార్లకు కదిలేవాడు కాదు.

ఆ మేడను కూలగొడుతున్నామని కాగితం వచ్చింది. జిప్పులక్క చెల్లెలు సముద్రానికి అవతల ఊళ్ళో భర్తతో కలిసి గుడారాలు కుట్టే చిన్న షెడ్డు నడుపుతోంది. ఎన్నాళ్ళ నుంచో రమ్మంటోంది. అక్కకు టికెట్టు తనే తీసింది. ఓడ ఎక్కుదామంటే మూడు రోజుల ప్రయాణం, పైగా ఓడవాళ్ళు జంతువులను ఎక్కించుకోవడం మానేశారు. మిగిలింది విమానం. పిల్లిని సంచిలో పెట్టి కాళ్ళ దగ్గర ఉంచుకోవచ్చు, దానికి రుసుము వేరు, అది ప్రయాణం రోజున ఆ రోజు ధర ప్రకారం కౌంటర్లో కట్టాలి.

మొదట కనుక్కున్నప్పుడు ఆ రుసుము ఆమె టికెట్టులో సగం ఉంది. నెల తిరిగేసరికి ముప్పాతిక. ప్రయాణం వారంలో పడ్డాక ఆమె టికెట్టును దాటిపోయింది. జిప్పులక్క వాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేసింది. పిల్లికి సీటు ఇస్తారా అని అడిగితే లేదన్నారు. తిండి ఇస్తారా అంటే లేదు, నీళ్ళు లేవు. పైగా ఆ సంచినే ఆమె చేతిసంచిగా లెక్కేస్తామన్నారు, అంటే ఆమెకు ఇంకో సంచి ఉండకూడదు. మరి డబ్బు దేనికని అడిగితే, ప్రయాణికుల సౌకర్యం కోసమని అవతలి గొంతు చెప్పింది. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళ గురించి విన్నాను గానీ పిల్లి దగ్గర బిచ్చం ఎత్తేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానని చెప్పి జిప్పులక్క ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం మరిది ఫోన్‌లో మాట్లాడాడు. మంచివాడే, కానీ నోటికి తాళం లేదు. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు ఈ ప్రయాణమేమిటి వదినా అన్నాడు. ఆ డబ్బుతో ఇక్కడ పది పిల్లులు వస్తాయన్నాడు.

"మరుదులు కూడా వస్తారు నాయనా, వెతికితే. అయినా మా చెల్లెలు నిన్నే ఉంచుకుంది కదా," అంది జిప్పులక్క.

అవతల చెల్లెలు పకపకా నవ్వడం వినిపించింది. తర్వాత ఆమె ఫోన్ తీసుకుని, నీ ఇష్టం అక్కా, కానీ అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తావని అడిగింది. తోలు కుట్టే పెద్ద మిషను, నాన్నది, సముద్రం మీద పంపిద్దామని దాచుకున్నది, మర్నాడు జిప్పులక్క అమ్మేసింది. కొన్నవాడు దాన్ని బండి మీదకు ఎత్తుతుంటే ఆమె లోపలికి వెళ్ళిపోయింది. బయటికి వచ్చాక మాత్రం, ఇనుముకు ఆకలేయదు కదా అని మేనేజరుతో అంది.

సంచి తనే కుట్టింది. విమానం వాళ్ళు అమ్మే సంచి ఒకటుంది, దాని ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. పెట్టెలకు సూది నేర్పినదాన్ని, నాకు సంచి అమ్ముతారా అనుకుంది. వాళ్ళు చెప్పిన పొడవు, వెడల్పు, ఎత్తు సుద్దతో గోడ మీద రాసుకుని, మందపాటి నీలం గుడ్డ రెండు పొరలు వేసి, రెండు చివరలా గాలాడే జాలీ పెట్టి, మీద పొడుగాటి జిప్పు వేసి కుట్టింది. ఆ సంచిలో వంక పెట్టడానికి లేదు.

ఒక్కటి తప్ప. సంచికి కొలత లోపల తీసుకోవాలని నాన్న నేర్పాడు. సంచి ఉన్నది మోయడానికి, అందులో ఏది పడుతుందో అదే దాని కొలత అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె చెయ్యి ఇంకో రకంగా కొలవలేదు. విమానం వాళ్ళేమో బయట కొలుస్తారు.

ఆ సంగతి విమానాశ్రయంలో బయటపడింది. కౌంటరు పక్కన ఇనప చట్రం ఒకటుంది, అందులో పట్టిన సంచే లోపలికి వెళ్ళాలి. మేనేజరుతో సహా సంచిని అందులో దించితే పై అంచు దగ్గర వేలెడు మందం ఆగిపోయింది. జిప్పులక్క ఆ వేలెడు మందాన్ని చూసి, రెండు పొరల గుడ్డ, అడుగు అట్ట, కుట్టు మడత అన్నీ మనసులో కూడుకుని, తప్పు తనదేనని ఒక్క క్షణంలో తెలుసుకుంది. కానీ పైకి ఒప్పుకోలేదు.

కౌంటరులో ఉన్న అమ్మాయి చిన్నది, మర్యాదగానే చెప్పింది. ఇక రెండే దారులట. తాము అమ్మే సంచి కొనుక్కోవడం, లేదా పిల్లిని పంజరంలో పెట్టి కింద సామాను గదిలోకి పంపడం. సంచి ధర విన్నాక జిప్పులక్క తన దగ్గర ఉన్నదాన్ని తలుచుకుంది. మిషను అమ్మిన డబ్బు రుసుముకు సరిపోతుంది, సంచికి మిగలదు. సామాను గది మాట వినగానే రెండుగా చీలిన పంజరం కళ్ళ ముందు కదిలింది.

"కౌంటరు ఎప్పుడు మూస్తారమ్మా?" అని అడిగింది.

"నలభై నిమిషాలుంది మేడం."

"చాలు."

ఆమె వరస నుంచి పక్కకు తప్పుకుని, నున్నటి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇంకా అప్పగించని గోధుమరంగు పెట్టె తెరిచింది. తొమ్మిదేళ్ళ కిందట మేనేజరు దొరికిన పెట్టే అది. వాణ్ని సంచిలోంచి తీసి అందులో బట్టల మీద పెడితే, తన సొంత ఇంటికి వచ్చినవాడిలా ముడుచుకుని పడుకున్నాడు. పెట్టె మూల నుంచి బ్లేడు, దబ్బనం, మైనం రాసిన దారపు ఉండ బయటికి వచ్చాయి.

జనం చూస్తూనే ఉన్నారు. ఎవరో ఫోన్ ఎత్తి ఫొటో తీశారు. కాపలా మనిషి వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. జిప్పులక్క తల ఎత్తకుండా, నిలబడి కుట్టే విద్య ఏదైనా ఉంటే నేర్పు నాయనా, నిలబడతానంది. అతను కాసేపు నిలబడి చూసి, బ్లేడు చూసుకుని వాడండని చెప్పి వెళ్ళిపోయాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు.

పక్క కుట్లు నాలుగూ విప్పింది. అడుగు అట్ట తీసి పారేసింది. బయటి పొరను వేలెడు లోపలికి మడిచి, దబ్బనంతో ఒక్కో కుట్టూ బిగిస్తూ చుట్టూ తిరిగి వచ్చింది. వేళ్ళు ఎర్రబడ్డాయి. ఒకచోట దబ్బనం దిగి రక్తం వస్తే నోట్లో పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. కౌంటరు అమ్మాయి మధ్యమధ్య తొంగిచూస్తూ, ఇంకా ఇరవై నిమిషాలని, ఇంకా పన్నెండని చెబుతూనే ఉంది. బెదిరింపుగా మొదలైన ఆ లెక్క చివరికి వచ్చేసరికి కంగారుగా మారింది.

మేనేజరును లోపల పెట్టి, సంచిని చట్రంలో దించింది. అడుగు దాకా దిగింది.

ఇంతలో లోపలి గదిలోంచి పైఅధికారి వచ్చాడు. మెడలో పట్టీ, చేతిలో నియమాల కాగితం. సంచి ఎత్తు తగ్గించారు కాబట్టి ఇంకో నియమం చూడాలన్నాడు. జంతువు లోపల లేచి నిలబడాలి, వెనక్కి తిరగగలగాలి. తిరగకపోతే సామాను గదే. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే. మేనేజరు మాత్రం ఆ మాటలు పట్టనట్టు, జాలీకి వీపు పెట్టి రాయిలా పడుకున్నాడు.

"లేవమనండి," అన్నాడు పైఅధికారి.

"వాడు ఎవరి మాటా వినడు బాబూ. నా మాట కూడా."

"అయితే మేమేం చేయలేం మేడం. రుసుమైనా, నియమమైనా మా చేతిలో లేదు."

"సరే. సూది మాత్రం నా చేతిలో ఉంది," అంది జిప్పులక్క. సంచిని బల్ల మీద పెట్టుకుంది. బాగుచేసిన సంచి ఏదైనా సరే, చూసుకోకుండా ఇచ్చే అలవాటు ఆమెకు లేదు. జిప్పు లాగింది, సాఫీగా వెళ్ళింది. వెనక్కి లాగింది. లోపల ఏ కదలికా లేదు. పైఅధికారి కాగితం మడవబోయాడు.

మూడోసారి లాగింది.

సంచి కదిలింది. మేనేజరు నాలుగు కాళ్ళ మీద లేచాడు, వీపు గుడ్డకు తగిలీ తగలకుండా నిలబడ్డాడు, గిరుక్కున తిరిగాడు. సగం చెవి, రెండు పచ్చటి కళ్ళు ఇటువైపు జాలీలోంచి జిప్పులక్కను సూటిగా చూశాయి. వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. కౌంటరు అమ్మాయి నవ్వు ఆపుకోలేక తల దించుకుంది.

పైఅధికారి రుసుము కట్టించుకోమని ఆ అమ్మాయితో చెప్పాడు. వచ్చే నెల నుంచి ఇంకా పెరుగుతుందని, ఎందుకో, జిప్పులక్కకు కూడా చెప్పాడు. ఆమె విననట్టే ఉంది. జాకెట్టు జేబులో వెతికి, కాగితం పొట్లం తీసి, గోరంత ఎండుచేప ముక్క తుంచి జిప్పు సందులోంచి లోపలికి జారవిడిచింది.

"ఇక్కడ తినిపించకూడదండి. రూలు," అన్నాడతను.

"మీ రూళ్ళు మీరు నెలనెలా మార్చుకోండి బాబూ," అంది జిప్పులక్క, నాన్న మిషను ఖరీదు నోట్లు తీసి బల్ల మీద పెడుతూ. "ఇది మా ఇద్దరి రూలు. తొమ్మిదేళ్ళుగా మారలేదు."

లోపల మేనేజరు నములుతున్న చప్పుడు వినిపించింది. ఆమె రసీదు అడిగి తీసుకుని, సంచిని భుజాన వేసుకుంది.