వెనక్కి జారిన గూడ

1945 ఎండాకాలం నాటి సంగతి. సిద్దిపేటలో ఒక చిన్న దవాఖానలో డాక్టరుగా చేరి నాకు అప్పటికి రెండేళ్లయింది. రెండు గదులు, ముందు ఒక వరండా, నేను, ఒక కాంపౌండరు. ఎక్స్‌రే తీయించాలంటే రోగిని బస్సులో హైదరాబాదు పంపాలి. అంత దూరం వెళ్లగలిగినవాళ్లు తక్కువ. అందుకని ఎముక విరిగిందా, కీలు జారిందా అన్నది కళ్లతో చూసి, వేళ్లతో తడిమి తేల్చుకోవలసిందే. ఆ పనిలో నేను గట్టివాణ్నని పేరు వచ్చింది. ఆ పేరును అందరికంటే ముందు నమ్మినవాణ్ని నేనే.

భుజం కీలును మా వైపు గూడ అంటారు. లోతు లేని సాసరుకు ఆనించిన బంతి లాంటిదది. తాటిచెట్టు మీది నుంచి పడ్డా, బావి మెట్ల మీద జారినా తప్పిపోతుంది. ఆ తప్పడాన్ని మేం డిస్లొకేషన్ అంటాం. దాదాపు ఎప్పుడూ బంతి ముందుకే జారుతుంది. అలా జారితే గుర్తుపట్టడం కష్టం కాదు. భుజం గుండ్రతనం పోయి మూల తేలుతుంది. మోచెయ్యి ఒంటికి ఆనదు. ఆ చేతిని రెండో భుజం మీద వేయమంటే రోగి వేయలేడు. ఈ చివరి పరీక్షను మాకు చదువులో నూరి పోశారు. వెనక్కి జారడం గురించి పుస్తకంలో నాలుగు పంక్తులు ఉండేవి. వాటిలో ‘అరుదు’ అన్న మాట ఒక్కటే నాకు గుర్తుండిపోయింది.

ఒక పొద్దున మిరుదొడ్డి దిక్కు పల్లె నుంచి బండి వచ్చింది. ఆ పల్లె దొర గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, పనిచేసే గుమాస్తా ముందు దిగాడు. అతని వెనక ముప్పై అయిదేళ్ల మనిషి, కుడిచేతిని పొట్టకు అదుముకుని మెల్లగా దిగాడు. పేరు మల్లయ్య. అతని భార్య ఎల్లవ్వ బండి వెంట నడిచి వచ్చింది.

“డాక్టర్ సాబ్, దొర సలాం జెప్పిండు,” అన్నాడు గుమాస్తా. “వీడు మూడు దినాల సంది పని ఎగ్గొడ్తుండు. గూడ జారిందంటడు. నిజమో నాటకమో మీరు రాసియ్యాలె.”

మల్లయ్యది వెట్టి. అంటే దొర పిలిస్తే సొంత పని విడిచి వెళ్లి కూలి లేకుండా చేయాలి. గడీకి కొత్త కప్పు వేస్తున్నారట. గూడ ఎట్ల జారిందని అడిగాను.

“దూలం మోస్తున్నం సాబు. ఎనకాయన కాలు జారి ఇడిసిండు. నేను బోర్ల వడ్డ. చెయ్యి కింద వడ్డది, దూలం మీద వడ్డది.”

బల్ల మీద కూర్చోబెట్టి ఎదురుగా నిలబడి చూశాను. మోతలు మోసిన భుజం, కండ బాగా పట్టి ఉంది, పైగా వాపు. మూల తేలలేదు. మోచెయ్యి ఒంటికి ఆనుకునే ఉంది. చేతిని ఎడమ భుజం మీద వేయమన్నాను. పళ్లు బిగించి వేశాడు. పరీక్ష అక్కడితో అయిపోయిందని అనుకున్నాను. అతని వెనక్కి వెళ్లి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. బెణుకు అని చెప్పి, పట్టీ కట్టి, పదిహేను దినాలు పని వద్దని రాసిచ్చాను. గుమాస్తా మొహం చిట్లించాడు. బీదవాడికి మేలు చేశానని నాకు లోలోపల తృప్తి కూడా కలిగింది.

పదిహేను దినాలకు ముగ్గురూ మళ్లీ వచ్చారు. వాపు దిగింది. చెయ్యి మాత్రం అలాగే పొట్ట మీద ఉంది.

“ఇంకా నొప్పేనా?” అన్నాను.

మల్లయ్య మాట్లాడేలోగా ఎల్లవ్వ అందుకుంది. “నొప్పి జర తగ్గింది సాబు. గని నీళ్లు తాగెతందుకు దోసిలి పట్టవోతె కుడిచెయ్యి తిరుగుత లేదు. అరచెయ్యి కిందికే ఉంటుంది. పోసిన నీళ్లన్ని కారిపోతున్నయ్. ఎడమచెయ్యి ఒక్కటే వడ్తుండు.”

“శానా దినాలు కట్టుల ఉన్నది గదా, బిగుసుకపోయింది. తిప్పితే అదే వస్తది,” అన్నాను.

మోచెయ్యి పట్టుకుని, ముంజేతిని బయటి వైపుకు తిప్పబోయాను. గడియ పెట్టిన తలుపులా ఆగిపోయింది. ఇంకొంచెం బలం పెట్టాను. మల్లయ్య కేక వేశాడు.

“నువ్వే బిగవడుతున్నవు. ఒదులు.”

“నేను బిగవడ్తలేను సాబు. అదే మెసుల్త లేదు.”

గుమాస్తా గడపలో నిలబడి చిన్నగా నవ్వాడు. నేను బల్ల దగ్గరికి వెళ్లి ఉర్దూలో రెండు పంక్తులు రాశాను: కీలు సరిగ్గా ఉంది, పనికి అడ్డం లేదు. ఆ కాగితంలో ఏముందో చదవడం మల్లయ్యకు రాదు. నేనూ చదివి వినిపించకుండానే గుమాస్తాకు ఇచ్చాను.

దొరకు భయపడి రాశావా అని తరువాతి కాలంలో నన్ను అడిగినవాళ్లున్నారు. భయపడి రాయలేదు. నాకు తెలుసని అనుకునే రాశాను. అయితే ఆ చెయ్యి ఎందుకు తిరగడం లేదో నాకు బోధపడలేదన్నది కూడా నిజం. గుమాస్తా చూస్తుండగా ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు.

వానాకాలం చివర్లో ఒక నెల శిక్షణకు హైదరాబాదు వెళ్లాను. అక్కడ నన్నూ, ఇంకొందరు డాక్టర్లనూ ఒక ముసలి సర్జన్ దగ్గర వేశారు. ఒకనాడు మూర్ఛ వచ్చి పడ్డ మనిషిని తెచ్చారు. కుడిచేతిని పొట్టకు అదుముకుని కూర్చున్నాడు. సర్జన్ మా చేత అతణ్ని పరీక్ష చేయించాడు. అందరం బెణుకన్నాం. ఎక్స్‌రే తెప్పించి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. మాకు అదీ మామూలుగానే కనిపించింది.

“ముందు నుంచి తీసిన ఎక్స్‌రే ఈ విషయంలో అబద్ధం చెబుతుంది. చేతిని అడగండి,” అని రోగి ముంజేతిని బయటికి తిప్పబోయాడు. అది ఆగిపోయింది. “బంతి వెనక్కి జారి, సాసరు అంచుకు కొక్కెం పడ్డట్టు పడింది. ఇక ఎట్లా తిరుగుతుంది? రోగిని కూర్చోబెట్టి, వెనక నిలబడి, పైనుంచి రెండు భుజాలూ చూడండి. ముందు చదునుగా, వెనక ఉబ్బుగా ఉంటుంది. మీరంతా ముందు నిలబడే చూశారు.”

మత్తు ఇచ్చి, చేతిని మెల్లగా లాగి, వెనక నుంచి బంతిని బొటనవేళ్లతో ముందుకు నెట్టాడు. ‘టక్’మని కూర్చుంది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. మిగతావాళ్లు దగ్గరికి వెళ్లి చూస్తున్నారు. నాకు మల్లయ్య దోసిలి గుర్తొచ్చింది.

ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, నాలుగు నెలలదైతే ఎట్లా అని అడిగాను. ఆయన నా మొహం చూసి ఎవరి రోగి అని అడగలేదు. “లాగకు. లాగితే ఎముక విరుగుతుంది. కోసి చూడాలి. అప్పటికి బంతి అరిగిపోయి ఉంటుంది. అయినా పంపు,” అన్నాడు.

సిద్దిపేటకు తిరిగి వచ్చిన వారంలోనే ఆ పల్లెకు వెళ్లాను. గడీ ముందు ఎల్లవ్వ తట్టతో మట్టి మోస్తోంది. మొగుడి వెట్టి ఆమె చేస్తోంది. నన్ను చూసి తట్ట దించి, ఇంటికి దారి తీసింది.

మల్లయ్య అరుగు మీద ఉన్నాడు. చెయ్యి పొట్ట మీదే ఉంది, భుజం మీది కండ కరిగిపోయింది. ఈసారి వెనక నిలబడి చూశాను. చూడగానే తెలిసింది. చర్మం కింద బంతి గుండ్రంగా, గుడ్డివాడు కూడా తడిమి చెప్పగలిగినట్టు ఉంది.

“తప్పు నాది మల్లయ్యా. నీ గూడ జారింది. ఎనకకు జారింది. నేను పట్టలేకపోయిన.”

అతను ఎడమచేత్తో ఆ భుజాన్ని తడుముకున్నాడు. తరువాత నన్ను కాదు, భార్యను చూశాడు.

“ఇన్నవానే? నాటకం కాదంట.”

ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత నాతో అంది: “నీ కాయిదం తీస్కపోయి గడీల అందరి ముంగట సదివిన్రు సాబు. దూలం ఎత్తుమన్నరు. ఎత్తలేదని ఒంగవెట్టి ఈపు మీద బండ వెట్టిన్రు. ఊరంత నాటకాల మల్లిగాడన్నరు. గాళ్లు అంటె అన్నరు. నేను సుత అన్న. డాక్టరు రాసినంక అబద్దమెట్లైతది అన్న. ఇంట్ల అన్నం వెట్టకుంట రెండు దినాలు మాట్లాడలే.”

అంతవరకు నేను ఒక కీలును తప్పుగా చూశాననే అనుకుంటూ వచ్చాను.

అక్కడే ఇంకో కాగితం రాశాను. మొదటి దానిలో రాసింది తప్పు, ఈ మనిషి గూడ ఆనాటి నుంచీ జారే ఉంది, ఆపరేషన్‌కు వెంటనే హైదరాబాదు పంపాలి అని. దాన్ని గడీకి నేనే తీసుకువెళ్లాను. గుమాస్తా చదివి మడత పెట్టాడు.

“అప్పుడు బాగున్నదని మీరే రాసిన్రు. ఇప్పుడు జారిందంటె నడుమ జారి ఉంటది. దానికి దొరేం జేస్తడు?”

“నడుమ జారలే. నేనే తప్పు రాసిన.”

“డాక్టర్ సాబ్, ఒక్క మనిషి రెండు కాయిదాలు రాస్తె, మేం మొదటిదే ఉంచుకుంటం.”

అయినా మల్లయ్యను పంపించాను. ఎల్లవ్వ తోడు వెళ్లింది. సర్జన్ కోసి చూశాడు. బంతి సగం నలిగిపోయి ఉందట. అరిగిన ముక్క తీసివేసి కుట్టాడు. రెండు నెలల తరువాత అన్నం ముద్ద నోటిదాకా వచ్చేది. నాగలి పట్టడానికి, మోత ఎత్తడానికి ఆ చెయ్యి ఇక పనికిరాలేదు. వెట్టికి అక్కరకు రానివాడికి భూమి ఎందుకని, వాళ్లు దున్నుకునే చెలక ముక్కను గడీవాళ్లు ఇంకొకరికి ఇచ్చారు. మొగుడూ పెళ్లామూ ధూళిమిట్ట దిక్కు ఆమె తల్లిగారి ఊరికి వెళ్లిపోయారు.

వెళ్లేముందు కుట్లు చూపించుకోవడానికి ఒకసారి వచ్చారు. మల్లయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండునని కూర్చున్నాను. ఎల్లవ్వ వరండాలోనే ఉండిపోయింది, లోపలికి రాలేదు.

తరువాత నా ఉద్యోగంలో ఇలాంటి గూడలు రెండు చూశాను. రెండింటినీ అదే రోజు పట్టుకున్నాను, అదే రోజు ఎక్కించాను. ఇంత అరుదైనది ఎట్లా కనిపెట్టావని ఒక తోటి డాక్టరు మెచ్చుకున్నాడు. మాట మార్చాను. లేకపోతే ఎవరి చేతి మీద నేర్చుకున్నానో చెప్పవలసి వచ్చేది.

కొత్తగా వచ్చే డాక్టర్లకు నేను వెనక నుంచి చూడమని, చేతిని బయటికి తిప్పి చూడమని చెబుతూ వచ్చాను. అది చేతి పని, నేర్పితే వస్తుంది. నేర్పడం కష్టమైనది ఇంకొకటి ఉంది. ఆ రోజు కాగితం మీద ‘చెయ్యి తిరగడం లేదు, కారణం నాకు తెలియలేదు’ అని రాసి ఉంటే చాలు. ఆ మాట మీద మల్లయ్య చేత ఎవరూ దూలం ఎత్తించలేకపోయేవాళ్లు. అతని భార్య అతణ్ని నమ్మేది. రాసింది చదవలేని మనిషి గురించి కాగితం ఇచ్చేటప్పుడు, నాకు తెలిసినంతే రాశానా అని అప్పటి నుంచి ప్రతిసారీ ఆగి చూసుకున్నాను. ఆ అలవాటు వల్ల చాలామందికి మేలు జరిగి ఉండవచ్చు. మల్లయ్యకు జరగలేదు.