ఊటకాలువ గేజి పుస్తకం

మొన్న మా అపార్టుమెంటు బోరు సరిగ్గా పోయడం లేదని పిలిస్తే వచ్చిన మెకానిక్కు, గొట్టంలోకి టేపు దించి చూసి నీళ్ళకేం భయం లేదన్నాడు. అందరూ ఊరటపడి మేడెక్కిపోయారు గాని, నేను మాత్రం ఆగి టేపు మీద అంకె చూపించమన్నాను. ఈ చాదస్తం నాకు బహ్రెయిన్‌లో అబ్బింది.

తొంభైల మొదట్లో, గోదావరి లాకుల దగ్గర గేజి చదివినవాణ్ణని, బావుల్లోనూ ఊటల్లోనూ నీటిమట్టం కొలిచే పనికి ఒక కంట్రాక్టరు నన్నక్కడికి తీసుకెళ్ళాడు. వరద గోదారిని చూసిన కళ్ళకి, చుట్టూ ఉప్పు సముద్రం ఉన్న ఆ దీవిలో నేలలోంచి మంచినీళ్ళు ఉబికి, రాతికాలువ వెంట ఖర్జూరపు తోటల్లోకి పారడం వింతగా ఉండేది. గుదైబియా అనే పేటలో ఆరుగురం సర్దుకునే గదిలోంచి పొద్దున్నే నేనూ, బండి నడిపే కరీంనగర్ తమ్ముడూ బయల్దేరేవాళ్ళం.

ఒక ఊట కింద తోట ఉన్న అరబ్బు పెద్దాయన వారం వారం మాకు చిన్న కప్పుల్లో గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోసి, తనకొచ్చిన హిందీలో "పానీ ఠీక్ హై?" అని అడిగేవాడు. తగ్గిందని మొదటిసారి చెప్పినప్పుడు ఆయన చేతిలో కప్పు అలాగే చల్లారిపోయింది. అది చూడలేక, తరువాతి వారం నుంచి "ఠీక్ హై బాబా" అనడం మొదలుపెట్టాను. కొలతలు ఎక్కించే గేజి పుస్తకంలో మాత్రం నిజమే రాసేవాణ్ణి. వారం వారం మట్టం దిగుతూనే ఉంది.

ఒకరోజు ఆయన తల్లిచెట్ల మొదట్లోంచి పిలకలు తీసి కొత్త వరస నాటుతున్నాడు. బండెక్కాక కరీంనగర్ తమ్ముడు, "అన్నా, గాయన నీ మాట మీద పిలకలు పెడుతున్నడు. ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు. వచ్చే వారం చెబుతానన్నాను. ఆ వారమూ నోరు రాలేదు, పై వారమూ రాలేదు. అలా ఏడు వారాలు గడిచి, కాలువ అంచున నాచు ఎండి తెల్లబడ్డాక, పుస్తకం ఆయన ముందు పెట్టి ఒప్పుకున్నాను.

తిడతాడనుకున్నాను. ఆయన తిట్టలేదు. మొదటి వారం నుంచి అంకెలన్నీ చదవమని, కాలువకేసి చూస్తూ విన్నాడు. "ముందే చెప్పుంటే వీటిని మా అమ్మాయి తోటలో నాటేవాణ్ణి. అక్కడ నీళ్ళున్నాయి," అన్నాడు. పుస్తకం నాకేసి జరిపి, "ఇకనుంచి ఎంతుంటే అంత చదువు," అన్నాడు.

అప్పటి నుంచీ అలాగే చదివాను. వేసవిలో ఒకనాడు సున్నా అని చదివితే, "ఖలాస్," అని కప్పులు కడగడానికి లేచాడు. పిలకల్లో చాలావరకు ఎండిపోయాయి. బతికిన కొన్నింటిని తడిగోనెల్లో చుట్టి మా బండి మీదే ఆయన కూతురి తోటకు చేర్చాం.

ఇప్పుడు నీటిమట్టాన్ని యంత్రాలే కొలిచి ఫోనుకు పంపుతున్నాయట. ఎదుటివాడి మొహం చూసి అంకె మింగేసే మనిషితో పనిలేదు. ఆ ఊట ఎండడంలో నా తప్పేమీ లేదని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను, అది నిజమే. కాని ఆయన నా మాట నమ్మి మట్టి తవ్విన ఆ ఏడు వారాలు మాత్రం నావే.