చక్రం లేని చోట చప్పుడు

బేరాల్లో నేను ఆడిన అబద్ధాలు బోలెడు. హన్మకొండలో మాది స్టీలు సామాన్ల దుకాణం. మాటలకంటే ముందు నాకు బేరమే వచ్చిందని మా నాన్న అంటుంటాడు. కానీ ఇప్పుడు చెప్పేది అమ్మకానికి పెట్టిన సరుకు కాదు. జరిగింది. జర్మనీలో, పాడర్‌బోర్న్‌లో, మా బిల్డింగ్ అడుగున సైకిళ్ళు పెట్టుకునే కెల్లర్‌లో... పోయిన నవంబరులో. కావాలంటే నా రూమ్మేట్ సుధీర్‌ను అడగండి. తను విన్నదేమిటో మాత్రం వాడు నోరు విప్పడు, అది వేరే సంగతి.

పగలు యూనివర్సిటీ, తెల్లవారుజామున నాలుగింటికి బ్రెడ్ ఫ్యాక్టరీలో షిఫ్టు. నేనింకా పర్మనెంట్ కాలేదు. అప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళాను. మూడోసారి అయితే ఇక రానక్కర్లేదని సూపర్‌వైజర్ నవ్వుతూనే చెప్పింది. మొదటి బస్సు అయిదింటికి. అందుకే ఒక పాత ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నాను. మూడు వారాలు తిరిగిందో లేదో, వెనక చక్రం హబ్‌లో, అంటే ఇరుసు చుట్టూ తిరిగే నడిమి భాగంలో, చప్పుడు మొదలైంది.

కిర్ర్... కిర్ర్... టక్.

రోజురోజుకీ పెరిగింది. ఆ రాత్రి చక్రం పట్టేసేలా ఉంటే కెల్లర్‌లోకి దించాం. సుధీర్‌ది గుంటూరు, మెకానికల్ చదువుతున్నాడు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి చక్రం తిప్పాడు.

"మోటారు కాదురా. ఆపేసినా వస్తుంది."

"మరేందిరా? నాలుగింటికి నేను ఆడ ఉండాలె."

"ఉండు, ఊపిరి బిగబట్టు."

బ్రేకు ప్యాడ్లు తీశాడు. చప్పుడు పోలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇరుసు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. డాక్టరు గుండె చూసినట్టు. "బేరింగే" అన్నాడు. చక్రం ఊడదీసి, పలచటి పానాలతో హబ్ విప్పి, లోపలి ఉక్కు గోళీలను టీ సాసర్‌లోకి రాల్చి, చక్రాన్ని నా ఒళ్ళో పెట్టాడు. ఒక్కొక్కటే లైటుకు ఎత్తి చూశాడు.

"అద్దాల్లా ఉన్నాయిరా. ఒక్క గీత లేదు... నువ్వు కొన్నప్పుడే ఈ చప్పుడుందా?"

నేను సాసర్‌లో గోళీలను వేలితో దొర్లించాను.

"ఏరా, నిన్నే."

"ఉందని చెప్పిన."

"చెప్పడమేంటి?"

"లేకుండే. ధర తగ్గియ్యనీకి ఉన్నదని చెప్పిన."

అదీ నా ఘనకార్యం. మా దుకాణానికి వచ్చేవాళ్ళు ఏ బిందె కొన్నా ముందు వేలితో కొట్టి, మోత బాగాలేదంటారు. అక్కడ నేర్చిన విద్యే. సైకిల్ అమ్మిన ముసలావిడ ఎదుట వెనక చక్రం తిప్పి, మొహం చిట్లించి, "వెనక హబ్‌లో ఏదో చప్పుడొస్తోంది" అన్నాను. నిజానికి అది వెన్నలా తిరుగుతోంది. ఆవిడ వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చక్రం దగ్గర చెవి పెట్టింది. చాలాసేపు. లేచి నా వైపు చూసి, నెమ్మదిగా అంది... "మీకూ వినిపిస్తోందా?" అడక్కుండానే సగం ధరకిచ్చేసింది. నేను నా నాలుకను మెచ్చుకుంటూ ఇంటికొచ్చాను.

"నీ బేరం తగలెయ్య!" అన్నాడు సుధీర్. అంతలో లైటు ఆరిపోయింది.

అది మామూలే. కెల్లర్ లైటు మూడు నిమిషాలకోసారి దానంతటదే ఆరుతుంది. బటన్ తలుపు దగ్గరుంటుంది. వాడు లేచి తడుముకుంటూ వెళ్ళాడు. చీకటి. గ్రీజు వాసన. అప్పుడు...

కిర్ర్...

"సుధీర్, మజాక్ చెయ్యకు."

కిర్ర్... టక్.

"చక్రం నీ ఒళ్ళోనే ఉంది కదరా." వాడి గొంతు తలుపు దగ్గర్నుంచి వచ్చింది.

నిజమే. చక్రం నా ఒళ్ళోనే ఉంది. చల్లగా... కదలకుండా. గోళీలు సాసర్‌లో ఉన్నాయి. చప్పుడు మాత్రం సైకిల్ దగ్గర్నుంచే వస్తోంది. చక్రం ఊడదీసిన చోటు నుంచి.

లైటు వెలిగింది. చప్పుడు ఆగలేదు.

అక్కడ ఏమీ లేదు. రెండు ఇనప కడ్డీలు, మధ్యలో గాలి. సుధీర్ వచ్చి స్క్రూడ్రైవర్ కొనను ఇరుసు కూర్చునే గాడిలో ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఒకటి... రెండు... పది దాకా లెక్కపెట్టాను. వాడి పెదాలు తెల్లబడ్డాయి. స్క్రూడ్రైవర్ నాకందించాడు. నేను తీసుకోలేదు.

"ఏం వినబడ్డదిరా?"

"ముందు చక్రం బిగిద్దాం."

గోళీలు మళ్ళీ వేసి, కొత్త గ్రీజు పెట్టి, బ్రేకు ప్యాడ్లు తగిలించి చక్రం బిగించాం. ఇరుసు గాడిలో కూర్చున్న క్షణమే చప్పుడు ఆగిపోయింది.

పైకొచ్చి వంటింట్లో కూర్చున్నాం. టీ చల్లారిపోయింది. మూడున్నర అయింది.

"ఇవ్వాళ సెలవు పెట్టెయ్యరా" అన్నాడు.

"ఇయ్యాళ పెడితే ఇంక రోజూ సెలవే."

ఫ్యాక్టరీకి నలభై నిమిషాల దారి. ఎంత తొక్కినా ఆలస్యమే. అయినా బయల్దేరాను. పొలాల మధ్య పొగమంచు. చక్రం నుంచి చిన్న చప్పుడు కూడా లేదు. చప్పుడు లేకపోతే ఇంకా భయమేసింది. మధ్యలో గాలిమరల దగ్గర ఎత్తు మొదలవుతుంది. అక్కడే బ్యాటరీ అయిపోయి మోటారు ఆగింది, సగం ఎక్కేసరికి కాళ్ళు లాగేశాయి. తొక్కడం ఆపేశాను.

పెడల్స్ ఆగలేదు.

నా పాదాలను మోసుకుంటూ తిరుగుతూనే ఉన్నాయి. కాళ్ళు పక్కకు తీసేశాను. వంగి చూశాను. ఖాళీ పెడల్స్... ఒకటి దిగుతోంది, ఇంకొకటి లేస్తోంది. తొందర లేకుండా, అలవాటైన మనిషి తొక్కినట్టు. ఎత్తు ఎక్కుతున్నాం. బ్రేకు వెయ్యాలనిపించింది... వేస్తే దిగాలి. దిగితే ఆ చీకట్లో దాని పక్కన నిలబడాలి. పైగా నాలుగింటికి అక్కడ ఉండాలి. హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాను, అంతే.

ఫ్యాక్టరీ దీపాలు కనిపించాక పెడల్స్ ఆగాయి.

ఫ్రీవీల్ పట్టేసి, చక్రంతో పాటే పెడల్స్ తిరిగి ఉంటాయని సుధీర్ ఇప్పటికీ అంటాడు. మర్నాడు వాడే విప్పి చూశాడు, పట్టెయ్యలేదు. పట్టేసినా పల్లంలో తిరగాలి గానీ ఎత్తులో ఎలా తిరుగుతుంది?

గేటు దగ్గర కార్డు పెడితే మెషీన్ 3:57 చూపించింది. నలభై నిమిషాల దారి, ఇరవై ఏడు నిమిషాల్లో. ఉద్యోగం నిలబడింది.

కానీ ఆ దారిలో సగం నేను తొక్కలేదు.